కాలేజీ ఫుట్‌బాల్‌లో అఫెన్స్ తడబడితే డిఫెన్స్ ఎందుకు దెబ్బతింటుంది?

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో బంతితో ముందుకు దూసుకెళ్లే అఫెన్స్, దాన్ని అడ్డుకునే డిఫెన్స్ దళాల ఆటగాళ్లు వేరైనా, అఫెన్స్ తడబడితే డిఫెన్స్‌కి విశ్రాంతి తగ్గుతుంది, ప్రత్యర్థికి దాటాల్సిన దూరమూ తగ్గుతుంది. అఫెన్స్ తన సొంత గోల్ వైపున్న 20 గజాల గీత దగ్గర మొదలుపెట్టి మూడు పాస్‌లూ నేలపాలయ్యాయనుకోండి. పాస్ అందకపోతే గడియారం ఆగుతుంది కాబట్టి ఆట సమయం అర నిమిషం కూడా గడవదు. పంట్ కొట్టగానే, అంటే బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి వదిలేయగానే, ఇంకా రొప్పుతున్న డిఫెన్స్ లైన్‌మెన్ (ముందు వరుస ఆటగాళ్లు) హెల్మెట్ తగిలించుకుని మళ్లీ దిగాలి. అదే గీత దగ్గర బంతి పోగొట్టుకుంటే మరీ ఘోరం: ప్రత్యర్థి ఒక్క గజం కదలకపోయినా 37 గజాల ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్ని) 3 పాయింట్లు కొట్టేయొచ్చు.

ఎక్కువ పాయింట్లిచ్చిన డిఫెన్స్ చెత్తదనుకోవడం పొరపాటు. అఫెన్స్ హడావుడిగా ఆడితే ఇరుజట్లకీ బంతి ఎక్కువసార్లు దక్కుతుంది. అందుకే డ్రైవ్‌కి (ప్రత్యర్థికి బంతి దక్కిన ఒక్కో విడతకి) ఎన్ని పాయింట్లిచ్చిందో, ఆ డ్రైవ్ ఎక్కడ మొదలైందో చూడాలి.