మనూకా నంబరు మన కానుగ తేనెకు వేయొచ్చా?

ప్రశ్న: మామిడి తోటలో 20 పుట్టతేనె పెట్టెలు పెట్టాను. చుట్టూ కానుగ, నీలగిరి చెట్లున్నాయి. బెంగళూరులో ఒక షాపులో చిన్న సీసా మీద ‘యూఎంఎఫ్ 15+’ అని ఉంది, ధర వేలల్లో. మా తేనె పూస్తే పుండ్లు మానతాయని ఊళ్ళో అంటారు. టెస్టు చేయించి నేనూ ‘ఔషధ తేనె’ అని నంబరు వేసుకోవచ్చా?
– ఒక రైతు, హొసకోటె

జవాబు: ఆ నంబరు మీరు వేయకూడదు. యూఎంఎఫ్ న్యూజిలాండ్ వాళ్ళ ట్రేడ్‌మార్క్. అక్కడి మనూకా పొద పూల మకరందంలో ఉండే ఒక పదార్థం, తేనె నిల్వ ఉన్నకొద్దీ సూక్ష్మజీవుల్ని చంపే మిథైల్‌గ్లయాక్సాల్‌గా మారుతుంది. 15+ అంటే కిలో తేనెలో అది కనీసం 514 మిల్లీగ్రాములు ఉండాలి. మామూలు తేనెల్లో ఉండేది చాలా స్వల్పం. ఆ పరీక్షకు డబ్బు పెట్టకండి, దండగ.

అలాగని మీ తేనె తీసికట్టేమీ కాదు. ఈగ మకరందంలో గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ కలుపుతుంది. చిక్కటి తేనెలో అది దాదాపు పనిచేయదు. పుండులోని తడి తగిలి తేనె పలచబడగానే మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తుంది. మందుల షాపులో దొరికే, పోస్తే నురగలొచ్చే మందు అదే. చక్కెర నీటిని లాగేయడం, పులుపు, ఈ రెండూ కూడా సూక్ష్మజీవుల్ని బతకనివ్వవు. న్యూజిలాండ్‌లోని వైకాటో యూనివర్సిటీలో పీటర్ మోలన్ అనే పరిశోధకుడు ఆ పెరాక్సైడ్‌ను తీసేసి చూసినా మనూకా పనిచేసింది. దాని ప్రత్యేకత అంతవరకే.

ఈ గుణాన్ని మనవాళ్ళు పోగొట్టుకునేది పొయ్యి దగ్గర. ఒక షెడ్డులో చూశాను: గ్యాస్ మీద అల్యూమినియం గిన్నె, తేనె కుతకుతలాడుతోంది, గరిటెతో నురగ తీస్తున్నారు. ‘నీరు ఇంకితే పులవదు సార్’ అన్నారు. పులవదు, నిజమే. ఎంజైమ్ కూడా మిగలదు. పైగా హెచ్‌ఎంఎఫ్ (చక్కెర వేడెక్కితే పుట్టే పదార్థం) పెరుగుతుంది. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దానికి పెట్టిన హద్దు కిలోకు 80 మిల్లీగ్రాములు.

నీరు తగ్గించే పని ఈగలకే వదిలేయండి. తేనె గదిలో (పెట్టె పై అంతస్తు) చట్రం ముప్పాతిక భాగం మైనం మూత పడ్డాకే తీయండి. అనుమానముంటే చట్రాన్ని అడ్డంగా పట్టి ఒక్కసారి విదిలించండి, చుక్కలు రాలితే ఇంకో వారం ఆగండి. పుట్టతేనెలో సహజంగానే నీరు కాస్త ఎక్కువ, కాబట్టి రిఫ్రాక్టోమీటర్ ఒకటి కొనుక్కోండి. ఒక్క చుక్కతో తేమ తెలిసిపోతుంది, 20 శాతం దాటకూడదు. ప్రభుత్వ నాణ్యత ముద్ర అగ్‌మార్క్‌లోనూ స్పెషల్, ఏ, స్టాండర్డ్ గ్రేడ్లకు తేమ ముఖ్యమైన కొలత. నీళ్ళలో చుక్క వేయడం, వత్తి ముంచి వెలిగించడం లాంటి ఇంటి పరీక్షలు కల్తీని పట్టించవు.

లేబుల్ మీద ‘పుండ్లు మానుతాయి’ అని రాయకండి, చట్టం ఒప్పుకోదు. ఆసుపత్రుల్లో కట్టుకు వాడేది గామా కిరణాలతో శుద్ధి చేసిన తేనె. పెట్టెలోంచి తీసిన తేనెలో బాక్టీరియా బీజాలు ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్ళ కాలి పుండుకు అది పూయమని మీరు చెప్పొద్దు, డాక్టరు దగ్గరకు పంపండి. ఏడాది లోపు పిల్లలకు చుక్క కూడా నాకించకూడదని మాత్రం లేబుల్ మీద వేయండి. దాంతోపాటు ‘వేడి చేయనిది’ అని, తీసిన తేదీ, తేమ శాతం రాయండి. రిఫ్రాక్టోమీటర్ చూడకుండా మాత్రం ఆ శాతం వేయకండి.