కోటి రూపాయల ఎర్రచందనమా, రెండు రూపాయల వడ్డీయా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా పెదనందిపాడు దగ్గర పల్లె. సొంతం మూడెకరాల నల్లరేగడి, కౌలు రెండెకరాలు. పత్తి, మిర్చి వేస్తాం. మొదట్లో వానలు ఎగ్గొట్టి, తీరా పంట చేతికొచ్చే వేళ తుపాను ముంచి, రెండేళ్లుగా పెట్టుబడి కూడా రాలేదు. బ్యాంకులో రూ.4 లక్షల డిపాజిట్ ఉంది. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు రూ.2 లక్షలు. మూడెకరాల్లో ఎర్రచందనం పెడితే 15 ఏళ్లకు కోటి వస్తుందని ఒక కంపెనీ ఏజెంటు చెబుతున్నాడు. ఖర్చు రూ.4 లక్షలట. పెట్టమంటారా?

జవాబు: వద్దు. చెట్లు పెట్టండి, కానీ పొలమంతా కాదు, ఉన్న డబ్బంతా పోసీ కాదు.

ముందు ఏజెంటు లెక్కే చూద్దాం. రూ.4 లక్షలు 15 ఏళ్లలో కోటి కావాలంటే ఏటా దాదాపు 24 శాతం చొప్పున పెరగాలి. నెలకు నూటికి రెండు రూపాయలంటే మీరు కడుతున్నదీ ఏడాదికి 24 శాతమే. అంటే ఆయన 15 ఏళ్ల తర్వాత చూపిస్తానంటున్న రాబడి, అప్పు తీర్చిన రోజు నుంచే మీకు ఖాయంగా వస్తుంది. ఏటా రూ.48 వేల వడ్డీ ఆగిపోతుంది. పైగా నోటు తిరగరాసిన ప్రతిసారీ వడ్డీ వెళ్లి అసల్లో కలుస్తుంది. అందుకని డిపాజిట్‌లోంచి ముందు రూ.2 లక్షలు తీసి అప్పు తీర్చేయండి. నోటు వెనక్కి తీసుకోవడం మరవొద్దు.

ఎర్రచందనం సంగతికొస్తే, అది శేషాచలం కొండల్లో రాళ్ల నేలల్లో పెరిగే చెట్టు. నీరు నిలిచే రేగడి దానికి పడదు. ధర పలికేది లోపలి చేవకే. అది ముదరడానికి రెండు దశాబ్దాల పైమాటే. నరకడానికి, తరలించడానికి అటవీశాఖ అనుమతి కావాలి. ఎగుమతికి ఆంక్షలున్నాయి. డబ్బు కడితే తోట తామే పెంచి లాభం పంచుతామనే స్కీమైతే, పెట్టుబడుల మార్కెట్‌పై నిఘా ఉంచే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. 1990ల్లో టేకు తోటల కంపెనీలు జనం సొమ్ముతో బోర్డు తిప్పేశాకే, 1999లో సెబీ ఈ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది.

మరి చెట్లెందుకంటారా? వాన లేని ఏడాది చెట్టు వేరు పత్తి వేరుకు అందని లోతు నుంచి తేమ లాగుతుంది. తుపానుకు కాయ రాలినా చెట్టు నిలిచి ఉంటే మళ్లీ కాపుకొస్తుంది. పైగా డబ్బు వేరే నెలల్లో చేతికొస్తుంది. చెడ్డ ఏడాదిలో మళ్లీ రెండు రూపాయల వడ్డీ గడప తొక్కకుండా కాపాడేది అదే. ఈ రక్షణకు రూ.60 వేలు, అదీ మూడేళ్లలో, అంతకు మించి పెట్టొద్దు. మిగిలిన రూ.1.40 లక్షలు డిపాజిట్‌లోనే ఉండనివ్వండి. ఒక సీజన్ పోతే మరుసటి సాగుకు అదే ఆధారం.

గట్ల మీద: మూడెకరాలు చదరంగా ఉందనుకుంటే చుట్టుకొలత 440 మీటర్లు. నాలుగు గట్లా నాటితే, నాలుగైదేళ్లకు చెట్ల పక్క నాలుగు మీటర్ల పట్టీలో దిగుబడి పడిపోతుంది. అది దాదాపు 42 సెంట్లు. ఈ మాట మొక్కలు అమ్మేవాళ్లు చెప్పరు. అందుకే రెండు గట్లు చాలు: వేసవి వడగాలి వచ్చే పడమర, ఆపైన ఉత్తరం. చలికాలం నీడ ఉత్తరానికే పడుతుంది కాబట్టి అటు డొంక ఉంటే మంచిది. పక్క రైతు చేనుంటే ముందు ఆయనతో మాట్లాడి, గట్టుకు మీటరు లోపల నాటండి. నాలుగు మీటర్లకొకటి చొప్పున వేప, నల్లతుమ్మ కలిపి 55 మొక్కలు. మధ్యలో గ్లిరిసిడియా కొమ్మలు పాతితే ఆకు కొట్టి చేలో ఎరువుగా వేసుకోవచ్చు. మూడో ఏడు నుంచి చేను వైపు రెండడుగుల లోతు కందకం తీసి, పైవేర్లు కోస్తుండాలి. నాటిన చెట్లను అడంగల్‌లో, అంటే రెవెన్యూ వాళ్ల సాగు రికార్డులో, నమోదు చేయించండి. నీరు, నేల, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద నరికేందుకు అనుమతి అడిగే రోజున పనికొస్తుంది.

పొలంలో ఎత్తుగా ఉన్న అరెకరం జామకు. 5 మీటర్ల ఎడంతో 80 మొక్కలు పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో రెండడుగుల గుంటలు తీసి ఎండగట్టండి. పైమట్టిలో 10 కిలోల పశువుల ఎరువు, కిలో వేపపిండి కలిపి, నేల కంటే అడుగు ఎత్తు వచ్చేలా నింపాలి. ఎక్కువ మొక్కలు చచ్చేది ఇక్కడే: రేగడిలో గుంట చుట్టూ నీరు ఇంకక తొట్టిలా నిండుతుంది, మట్టి దిగిపోయి మొక్క మొదలు మునుగుతుంది, వేరు కుళ్లుతుంది. జులైలో పదును చూసి నాటండి. కాపుకొచ్చేది మూడో ఏడు. అప్పటిదాకా వరుసల మధ్య మినుము, పెసర, అలసంద వేసుకోండి.

అసలు ఖర్చు నీళ్లకే. మొదటి రెండు వేసవుల్లో మొక్కకు వారానికి 15 లీటర్లంటే 135 మొక్కలకు సుమారు 2,000 లీటర్లు. కాలువ చివరి భూమికి వేసవిలో ట్యాంకరే దిక్కు. మీ ఊళ్లో ట్యాంకరు బాడుగ ఎంతో కనుక్కుని, 16 వారాలకు లెక్కగట్టాకే మొక్కలు కొనండి. ఆ మొత్తం మరీ ఎక్కువైతే జామ సగానికి తగ్గించండి, గట్లను వదలొద్దు. పత్తి తీశాక చేలల్లోకి మేకలు దిగుతాయి కాబట్టి రెండేళ్లు ముళ్లకంప తప్పదు. పత్తికట్టె మొక్కల దగ్గర తగలబెట్టొద్దు. కలుపుమందు గాలివాటున పిచికారీ చేయొద్దు.

సన్న, చిన్నకారు రైతుల పండ్లతోటలకు ఉపాధి పనుల కింద గుంటలు, మొక్కలు, నీటి ఖర్చు ఇచ్చే ఏర్పాటు ఉంది. జాబ్‌కార్డు తీసుకుని, ఇప్పటి నిబంధనేమిటో మండలంలో అడగండి. వస్తే రూ.60 వేలలో పెద్ద ముక్క మిగులుతుంది. ముందు దరఖాస్తు, తర్వాతే గుంట. ముందే తవ్వుకున్న గుంటకు డబ్బు రాబట్టడం కష్టం.

కౌలు రెండెకరాల్లో ఒక్క మొక్క కూడా పెట్టొద్దు. కౌలు రైతుకిచ్చే సాగుదారు హక్కుల కార్డు చెల్లేది 11 నెలలే. ఇక పంట పెట్టుబడికి బయట చేయి చాపకుండా కిసాన్ క్రెడిట్ కార్డు తీసుకోండి: రూ.3 లక్షల దాకా వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది.