డాబా మీద గాలి కింద కంటే ఎంత ఎక్కువ?

వీధిలో ఆకు కదలట్లేదు, ఐదో అంతస్తు డాబా మీదేమో ఆరేసిన దుప్పట్లు ఆగట్లేదు, అక్కడ రేకుల షెడ్డు వేయొచ్చా అని అడిగారు. వేయొచ్చు, కానీ గాలి సంగతి చూసుకుని.

మాదీ విజయవాడే, సత్యనారాయణపురంలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. ఇదే అనుమానంతో గాలి వేగం కొలిచే చిన్న మీటరు కొన్నాను (ఇంట్లో తిట్లు తిన్నాననుకోండి). ఓ సాయంత్రం వీధిలో సెకనుకు మీటరు కూడా లేదు, డాబా మీద మూడు దాటింది. నేలను రాసుకుంటూ పోయే గాలిని ఇళ్లు, చెట్లు, గోడలు పట్టి లాగుతాయి. పైకి వెళ్లేకొద్దీ ఆ పట్టు సడలుతుంది. బయలు పొలాల్లో 10 మీటర్ల నుంచి 100 మీటర్ల ఎత్తుకు వెళ్తే వేగం సుమారు 40 శాతం పెరుగుతుందని ఇంజినీర్ల లెక్క. ఊళ్లో అడ్డాలెక్కువ కాబట్టి తేడా ఇంకా పెద్దది. ప్రకాశం బ్యారేజీ అంత ఎత్తేం కాదు, అయినా అక్కడ గాలి మొహానికి కొడుతుంది, ముందున్నది నున్నటి నీళ్లు కదా.

డాబా మీదా అంతటా ఒకటే కాదు. ట్యాంకు చాటున మీటరు సున్నా చూపించింది, పిట్టగోడ అంచుకు రాగానే అంకెలు ఎగిరెగిరి పడ్డాయి.

వేళను బట్టి కూడా మారుతుంది. ఎండకు నేల వేడెక్కితే కింది గాలీ పైగాలీ కలిసిపోయి, పై వేగం కొంత కిందికి దిగుతుంది. పొద్దుగూకాక నేల చల్లారి ఆ కలయిక ఆగిపోతుంది. మనం ఉక్కతో చస్తున్న రాత్రి కూడా రెండు మూడు వందల మీటర్ల పైన గాలి జోరుగా ఉండొచ్చు. మొన్న సంక్రాంతికి చీకటి పడే వేళ మావాడి గాలిపటం ఎంతకీ లేవలేదు, పక్క డాబా వాళ్లది ముందే పైకెక్కి ఉంది, దాని దారం మాత్రం బిగిసే ఉంది.

ఇక షెడ్డు. గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. భవనాల మీద గాలి భారానికి మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం. అందులో విజయవాడలో కట్టడాల లెక్కకు ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. అదీ బయలులో 10 మీటర్ల ఎత్తుకే. మా షెడ్డుకు మే నెల ఈదురుగాలిలో రెండు రేకులు లేచిపోయాయి, రెండూ అంచువే. అంచుల్లో, మూలల్లో పైకి లాగే బలం ఎక్కువ, మా మేస్త్రీ అక్కడా మధ్యలో వేసినన్ని హుక్కులే వేశాడు. మీరు అంచుల్లో దగ్గర దగ్గరగా వేయించండి, స్తంభాలను పిట్టగోడ ఇటుకలకు కాకుండా కాంక్రీటుకే బిగించమనండి.