ఫేజ్ 1 ట్రయల్‌లో సంతకం పెడితే పరిహారం హక్కు పోతుందా?

ప్రశ్న: నాన్నకు 67 ఏళ్లు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరింది. వాడుకలో ఉన్న మాత్రకు కొత్త ఇంజెక్షన్ కలిపి ఇచ్చే ఫేజ్ 1 ట్రయల్‌లో చేరమంటున్నారు. ‘నష్టాలు తెలిసే ఒప్పుకున్నాను’ అని సంతకం పెడితే, రేపు ఏదైనా జరిగినా అడగలేమా?

జవాబు: అడగొచ్చు. ఆ సంతకం ముప్పు తెలుసుకున్నందుకే గానీ హక్కు వదులుకున్నందుకు కాదు. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో 39వది చూడండి. ట్రయల్ వల్ల మరణం గానీ శాశ్వత వైకల్యం గానీ కలిగితే స్పాన్సర్, అంటే ట్రయల్ చేయిస్తున్న సంస్థ, పరిహారం ఇవ్వాలి. గాయానికి ఉచిత వైద్యం కూడా చేయించాలి, అది ట్రయల్ వల్ల కాదని తేలేవరకూ.

అయితే జబ్బు ముదిరి చనిపోతే పరిహారం రాదు. రెండు మందులు కలిసినచోట పేచీ ఇక్కడే మొదలవుతుంది. మాత్రను ‘ప్రామాణిక చికిత్స’గా రాసుకుంటే, దుష్ప్రభావం దానిదేనని స్పాన్సర్ తప్పుకోజూస్తాడు. రెండూ పరీక్షలో ఉన్న మందులేనా అని సమాచార పత్రంలో చూడండి, లేకపోతే రాతపూర్వకంగా అడగండి. ఫేజ్ 1 ముఖ్యంగా తట్టుకోగల మోతాదు తేల్చడానికి. జబ్బు తగ్గుతుందన్న హామీ అందులో ఉండదు.

మరణానికి లెక్క ఇది: 8 లక్షలను వయసు గుణకంతో, ముప్పు గుణకంతో హెచ్చించి 99.37తో భాగిస్తారు. 65 దాటితే వయసు గుణకమూ 99.37 కాబట్టి రెండూ కొట్టుకుపోతాయి. ఇక మిగిలేది ముప్పు గుణకమే. చేరేనాటికి ఆయుష్షు 6 నెలలకు మించదంటే అది 0.5, అంటే 4 లక్షలు. 6 నుంచి 24 నెలలైతే 1, అంటే 8 లక్షలు. కాబట్టి చేరిన రోజు కేసు షీటులో ఏం రాశారో చూడాల్సిందే. చాలామంది ఈ కాగితం ఊసే ఎత్తరు.

నాన్నగారికి తెలివి ఉన్నంతకాలం సంతకం ఆయనదే, మీది చెల్లదు. సంతకం పెట్టే సమ్మతి పత్రంలో నామినీ పేరు, చిరునామా, బంధుత్వం, ఏడాది ఆదాయం గడులు ఖాళీగా వదలకండి. నింపిన పత్రం కాపీ ఒకటి మీకివ్వాలి. ఇష్టం లేకపోతే ఆయన ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు.

తీవ్రమైన దుష్ప్రభావం కనిపిస్తే 24 గంటల్లో ట్రయల్ వైద్యుడు పైకి నివేదించాలి. వేరే ఆసుపత్రిలో చేర్చినా అదే రోజు ఆయనకు మెసేజ్ పెట్టండి, ఫోన్‌తో సరిపెట్టకండి. డిశ్చార్జ్ సమ్మరీ అసలు కాపీ మీ దగ్గరే ఉంచుకోండి.