తిండి జబ్బు ఉన్న పెద్దవాళ్ళను రికవరీ హౌస్‌లో పెడితే పనవుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అక్కకు ముప్పై దగ్గరపడుతోంది, మిర్యాలగూడలో ఉద్యోగం. కొన్నేళ్ళుగా సరిగ్గా తినదు, తిన్న రోజు బాత్రూమ్‌లోకి వెళ్ళి వాంతి చేసుకుంటుంది. హైదరాబాద్ డాక్టరేమో కొన్నాళ్ళు బెంగళూరులో, ఇదే తిండి జబ్బు (ఈటింగ్ డిజార్డర్) నుంచి బయటపడ్డవాళ్ళు తోడుగా ఉండే ఇంట్లో, అంటే రికవరీ హౌస్‌లో పెట్టమన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు "అన్నం తినడానికి కూడా హాస్టలా?" అంటున్నారు. పంపాలా వద్దా?

పంపండి. కాకపోతే ముందు ఆమె ఒంటి పరిస్థితి చూపించి, ఆ ఇల్లు ఎలాంటిదో కనుక్కుని పంపండి. నాది నల్లగొండ దగ్గరి పల్లె. పెళ్ళయి పిల్ల పుట్టాక అలాంటి ఇంట్లో ఉండి వచ్చాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా ఇంట్లో ఇది జబ్బని తెలియడానికే ఏళ్ళు పట్టింది. సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకు, శనివారం వెంకన్నకు ఉపవాసం అంటే మన దగ్గర ఎవరూ ఏమీ అనరు, పైగా మెచ్చుకుంటారు. నీరసంతో పడిపోతే గాలి సోకిందని చెరువుగట్టు రామలింగేశ్వరుడి గుడికి తీసుకెళ్ళి అమావాస్య నిద్ర చేయించారు. ముందు పళ్ళు అరిగి, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంటే అందరూ ఫ్లోరైడ్ నీళ్ళే అన్నారు. నల్లగొండలో పుట్టినవాళ్ళ పళ్ళు పాడైతే ఇంకో కారణం ఎవరు వెతుకుతారు? చివరికి పట్టుకున్నది ఒక డెంటిస్ట్. ఫ్లోరైడ్ మచ్చలు ఎదుటివాళ్ళకు కనిపించే వైపు ఉంటాయి, వాంతిలో వచ్చే యాసిడ్ పై పళ్ళను లోపలివైపు అరగదీస్తుంది. ఆమె చిన్న అద్దం పెట్టి చూసి, మా అమ్మను బయట కూర్చోమని, తలుపు దగ్గరికేసి మెల్లగా అడిగింది. అంతవరకు ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. (మీ అక్కకు చెప్పండి, వాంతయిన వెంటనే బ్రష్ చేయకూడదు. ఎనామిల్ ఇంకా పోతుంది. నీళ్ళతో పుక్కిలిస్తే చాలు.)

ఒంటి సంగతి ముందు అన్నది ఎందుకంటే, మాటిమాటికీ వాంతి చేసుకునేవాళ్ళకు పొటాషియం పడిపోతుంది, దానితో గుండె లయ తప్పవచ్చు. మనిషి బయటికి బాగానే కనిపిస్తుంది, బరువు కూడా మామూలుగానే ఉండొచ్చు. కాబట్టి బస్సెక్కించే ముందు రక్తపరీక్షలో పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం చూపించి ఈసీజీ తీయించండి. దీనికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, నల్లగొండలోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్ళండి. కళ్ళు తిరిగి పడిపోవడం, గుండె దడ, వాంతిలో రక్తం ఉంటే ముందు ఆసుపత్రి, తర్వాతే ఏ ఇల్లయినా.

ఇంకోటి, చాలాకాలం సరిగ్గా తినని మనిషికి ప్రేమకొద్దీ ఒక్కసారిగా కడుపునిండా పెట్టకండి. రక్తంలో ఫాస్ఫేట్ ఉన్నట్టుండి పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆకలితో మాడినవాళ్ళకు తిండి పెట్టినప్పుడు కొందరు అలాగే చనిపోయారు. ఎంతతో మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి.

ఇక నేను ఉండి వచ్చిన ఆ ఇల్లు. పొద్దున సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్, డైటీషియన్ వచ్చి వెళ్ళేవాళ్ళు. మిగతా సమయమంతా మాతో ఉండేది పీర్లు, అంటే ఈ జబ్బు దాటి, కొన్నేళ్ళు నిలకడగా ఉండి, శిక్షణ తీసుకున్నవాళ్ళు. నాకు తోడుగా ఉన్నావిడ రాయచూరు మనిషి, అచ్చం మన గద్వాలవాళ్ళలాగే తెలుగు మాట్లాడేది. నా ప్లేటులో ఏముంటే ఆమె ప్లేటులో అదే. నేను జొన్నరొట్టెను గోరంత గోరంత ముక్కలుగా తుంచుతూ కూర్చున్నాను. తినమని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. కాసేపు చూసి, "నేను గూడ ఇట్లనే తుంచేదాన్ని, తిన్నట్టు కనబడాలె గద. పెద్ద ముక్క తీసుకో, పప్పుల ముంచు" అంది. నాకు నవ్వొచ్చింది, సిగ్గేసింది కూడా. ఇంట్లో ఎవరి ముందైనా చెల్లిన ఆ ఎత్తు ఆమె ముందు చెల్లదు. పట్టుబడినా తిట్టు పడదు.

అసలు కష్టం తిన్న తర్వాతి గంటది. కడుపు బరువుగా ఉంటుంది, బుర్రలో ఒకటే గోల. ఆ గంటసేపు ఎవరూ ఒంటరిగా ఉండకూడదని అక్కడి పద్ధతి. వరండాలో అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. తప్పనిసరై బాత్రూమ్‌కు వెళ్తే ఆమె తలుపు బయట నిలబడి ఏదో ఒకటి అడుగుతూ ఉండేది, మీ ఊరి చెరువు నిండిందా, మీ పాపకు ఏ కూర ఇష్టం అని. లోపలినుంచి నేను జవాబు చెబుతూనే ఉండాలి. వినడానికి జైలులా ఉంటుంది, నిజమే, మొదట్లో నాకూ మండిపోయేది. కానీ డాక్టరు ఆ గంటలో ఉండరు. అమ్మ ఉంటుంది గానీ, అమ్మ ఏడుస్తుంది. అమ్మ ఏడుపు చూడలేక తినడం, తిన్నందుకు మళ్ళీ కక్కడం, ఇదే జరిగింది మా ఇంట్లో. నేను తిన్నా తినకపోయినా ఆ రాయచూరు అక్క ముఖం ఒకేలా ఉండేది. నా మటుకు నన్ను నిలబెట్టింది అదే.

సాయంత్రం అందరం కూర్చునేవాళ్ళం. మగవాళ్ళూ ఉన్నారు. కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం కడుపు మాడ్చుకుని, సెలక్షన్ అయ్యాక కూడా మానలేకపోయిన అబ్బాయి ఒకడు. రాత్రంతా ఫోన్లో వంట వీడియోలు చూస్తానని, తినేది మాత్రం సున్నా అని నేను చెప్పినప్పుడు సైకాలజిస్ట్ ఒక పాత ప్రయోగం గురించి చెప్పారు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళకు ఆరు నెలలు సగం తిండే పెట్టారు. వాళ్ళకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది, కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారట. ఆకలే బుర్రను అలా చేస్తుందని తెలిశాక, నాకు పిచ్చి పట్టలేదని ధైర్యం వచ్చింది.

అన్ని ఇళ్ళూ ఇలా ఉండవు. మన దగ్గర రిహాబ్ అని బోర్డు ఉన్నవాటిలో ఎక్కువ తాగుడు మాన్పించేవే. నేను ముందు వెళ్ళిన ఒక చోట (పేరు అనవసరం) తిండి జబ్బుకు, తాగుడుకు ఒకటే మందు, భయం. తినకపోతే ఇంటికి ఫోన్ కట్. అక్కడి పాత పేషెంట్లే కాపలా, వాళ్ళనే పీర్లు అనేవాళ్ళు. ఇంకో ప్రమాదం, ఒకే జబ్బున్నవాళ్ళు ఒకచోట చేరితే ఎవరు తక్కువ తింటున్నారని లోలోపల పోటీ మొదలవుతుంది, ఒకరి ఎత్తులు ఇంకొకరు నేర్చుకుంటారు. మంచి ఇంట్లో బరువు అంకెలు, క్యాలరీలు, చెడ్డరోజుల ఫోటోలు ఎవరూ నోరెత్తకూడదు, పీర్లు కూడా. బరువు చూసేది నర్సు ఒక్కతే, అంకె మనకు కనిపించకుండా వెనక్కి తిప్పి నిలబెడతారు. ఈ నియమం ఉందో లేదో ఫోన్లోనే అడగండి. పీర్‌కు మళ్ళీ జబ్బు తిరగబెడితే ఏం చేస్తారని కూడా అడగండి. "మావాళ్ళకు అలా కాదు" అన్న చోటికి నేనైతే పంపను.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద ఇలాంటి జబ్బుకు చేర్చుకుని వైద్యం చేసే చోటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. మీ అక్క పెద్దమనిషి, తనంతట తాను ఒప్పుకుని సంతకం పెట్టి చేరడమే మేలు. అలా చేరినవాళ్ళు వెళ్ళిపోతానంటే ఇష్టమొచ్చినన్నాళ్ళు తాళం వేసి ఉంచడానికి చట్టం ఒప్పుకోదు. మోసపుచ్చి కారెక్కిస్తే మొదటి భోజనం దగ్గరే అంతా చెడుతుంది. మామూలు జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ ఇన్సూరెన్స్ ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. అయినా ఇలాంటి ఇంట్లో ఉన్న రోజులకు ఇస్తారో లేదో కంపెనీని మెయిల్‌లో అడిగి, జవాబు దాచిపెట్టుకోండి.

తిరిగొచ్చాక మీ ఇంటి పని మొదలవుతుంది. మన చుట్టాల పలకరింపే "ఏందే గిట్ల చిక్కినవ్?" లేకపోతే "ఇప్పుడు మంచిగ ఒళ్ళు చేసినవ్". రెండూ విషమే. రెండోదైతే ఆ రోజు రాత్రి అన్నం దిగనివ్వదు. వాకిట్లోనే ఆ మాటను అడ్డుకునే మనిషి ఒకరుండాలి, మా ఇంట్లో మా ఆడబిడ్డ ఆ పని చేసింది. బతుకమ్మ తొమ్మిది రోజులూ రోజుకో ప్రసాదం. ఆరో రోజు అలిగిన బతుకమ్మకు నైవేద్యం ఉండదు కదా, ఆ ఒక్కరోజే నాకు పండుగలా అనిపించేది. సద్దుల నాడు చేతిలో మలీద ముద్ద పట్టుకుని గోడవతలికి పోయి రాయచూరు అక్కకు వీడియో కాల్ చేశాను. ఆమె తన దగ్గరున్న బిస్కెట్ తీసి కొరికింది, నేను ముద్ద కొరికాను. ఇంటికి వచ్చాక ఫోన్లో అయినా ఈ తోడు కొన్ని నెలలు ఉంటుందా అన్నది చేర్చే ముందే అడగాల్సిన ప్రశ్న. అది లేని ఇంటికి డబ్బు పోయకండి. నాకు మధ్యలో ఒకసారి తిరగబెట్టింది, అప్పుడు మళ్ళీ చేరకుండానే ఫోన్లతో, డాక్టరుతో గట్టెక్కాను.

పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయించండి. పైసా ఖర్చు లేదు, రాత్రీపగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. మీరు చెబితే వినని మాట బయటివాళ్ళు చెబితే వింటారు, మా మామయ్య అలాగే దిగొచ్చాడు. అడ్వాన్స్ కట్టే ముందు మీ అక్కను ఆ ఇంట్లోని పీర్‌తో ఒకసారి ఫోన్లో మాట్లాడనివ్వండి, మీరెవరూ పక్కన లేకుండా. ఫోన్ పెట్టేశాక ఏం మాట్లాడుకున్నారని అడగొద్దు, వెళ్తావా అని మాత్రం అడగండి.