ట్రంకు పెట్టె మీది అక్షరాలు

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. ప్రతి ఆదివారం తమ్ముడితో కలిసి మా ఊరి దగ్గరి వృద్ధాశ్రమానికి వెళ్లి పెద్దవాళ్లకు పేపరు చదివి వినిపిస్తుంటాను. అక్కడ 79 ఏళ్ల మాజీ సైనికుడొకరు ఉన్నారు. ఫిరంగి దళంలో పనిచేశారనీ, 1971 యుద్ధంలో ఉన్నారనీ వార్డెన్ చెప్పారు. మంచం కింద నల్ల ట్రంకు పెట్టె, దాని మీద తెల్లరంగుతో నంబరు, పేరు. నెల క్రితం మా తమ్ముడు ‘ఎంతమందిని చంపారు తాతయ్యా?’ అని అడిగేశాడు. ఆయన మాట్లాడకుండా లేచి వెళ్లిపోయారు. అప్పటి నుంచి పలకరిస్తే తల ఊపి ఊరుకుంటున్నారు. ఆయనకు దగ్గరయ్యేదెలా?
– ఒక పాఠకురాలు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: డిసెంబరు 3 నుంచి 16 వరకు సాగిన ఆ యుద్ధం మనకు ఢాకా లొంగుబాటుగా, 93 వేల మంది బందీలుగా గుర్తుంది, ఫిరంగి పక్కన నిలబడిన పాతికేళ్ల కుర్రాడికి అది ఎలా గుర్తుండిపోయిందో ఆయనంతట ఆయన చెబితే వినవలసిందే తప్ప అడిగి రాబట్టవలసింది కాదు. కాబట్టి యుద్ధం ఊసు మీరు ఎత్తకండి.

అయితే, ఆయన మౌనమంతా అలకే అనుకోనక్కర్లేదు. ఫిరంగుల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవారిలో చాలామందికి చెవి మందగిస్తుంది. టీవీ మోగే హాల్లో కాకుండా వరండాలో, ఎదురుగా కూర్చుని, అరవకుండా నిదానంగా మాట్లాడి చూడండి. ఏ హోదాలో రిటైరయ్యారో వార్డెన్‌ను అడిగి, ‘హవల్దార్ గారూ’ అనో ‘సుబేదార్ గారూ’ అనో పిలవండి. వరసలు తర్వాత కలుపుకోవచ్చు.

ఇక ఆ ట్రంకు పెట్టె. ‘ఈ అక్షరాలు మీరే రాశారా అండీ?’ అని అడిగితే చాలు, అది ఎక్కిన రైళ్లు, శిక్షణ పొందింది గోల్కొండలోనా నాసిక్ రోడ్డులోనా అన్నది, లంగరులో, అంటే సైనికుల వంటశాలలో, తిన్న రొట్టెలు, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. సరిహద్దుల్లో ఉన్న జవాను చిరునామాలో ఊరి పేరు ఉండేది కాదు. యూనిట్ పేరు, దాని కింద 56 ఏపీవో (సైనిక తపాలా కార్యాలయం) అనో 99 ఏపీవో అనో ఉండేది. కొడుకు ఎక్కడున్నాడో తెలియకుండానే తల్లులు పక్కింటివాళ్ల చేత ఉత్తరాలు రాయించిన రోజులవి. ఆ ఉత్తరాల సంగతి అడగండి. ఫోను మాత్రం సంచిలోనే ఉంచండి. అడగకుండా వీడియో తీయడం (ఈ జబ్బు ఇప్పుడు అందరికీ ఉంది) తమ్ముడి ప్రశ్న కంటే పెద్ద తప్పవుతుంది.

చేతనైన సాయమూ ఒకటుంది. 80 నిండితే మూల పింఛనుకు అదనంగా 20 శాతం కలుస్తుంది. అది సమయానికి జమ అయిందా, ఏటా ఇవ్వవలసిన జీవన ధ్రువపత్రం సైనిక పింఛన్ల వెబ్‌సైటు ‘స్పర్శ్’లో నమోదైందా అన్నవి చూసిపెట్టమంటారేమో అడగండి, చిక్కు వస్తే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. పాస్‌బుక్కు, ఓటీపీ లాంటివి మాత్రం వార్డెన్ ఎదుటే చూడండి.

తమ్ముణ్ణి మాన్పించకండి, క్షమాపణ అప్పజెప్పించకండి. వచ్చే ఆదివారం పేపరు వాడి చేత చదివించండి. ఆయనకు ఏ చెవి బాగా వినబడుతుందో ముందే కనుక్కుని, వాణ్ణి ఆ పక్కన కూర్చోబెట్టండి.