గొంతు పూడుకుపోయిన చోట

ప్రశ్న: మా తమ్ముడు పోయి ఏడు నెలలైంది. ఇరవై ఏళ్లుగా రోజూ పొద్దున సహస్రనామం చదువుకునేదాన్ని. ఇప్పుడు పుస్తకం తెరిస్తే రెండో పేజీ దాటలేకపోతున్నాను, గొంతు పూడుకుపోతోంది. సత్సంగంలో కళ్లు తుడుచుకుంటుంటే ఒకరు, "ఇన్నేళ్ల సాధన ఇందుకేనా? ఆత్మకి చావులేదని తెలుసు కదా" అన్నారు. అప్పటినుంచి వెళ్లడం మానేశాను. నాలో భక్తి తగ్గిపోయిందా?

జవాబు: అమ్మా, ఆత్మకి చావులేకపోవచ్చు. కానీ "అక్కా" అని పిలిచే గొంతు ఇక వినపడదు. దానికి కాక మరి దేనికి ఏడుస్తారు?

వారు మీకు చెప్పింది గీతలోని మాటే. కాకపోతే అది గీతలో ఎప్పుడొస్తుందో చూడండి. మొదటి అధ్యాయంలో 47 శ్లోకాలు. అందులో కృష్ణుడు నోరు విప్పేది ఒక్కసారి, ఎదురుగా ఉన్న కౌరవులను చూడమని. ఆ తర్వాత అర్జునుడు ఒళ్లు వణుకుతోందనీ, నోరెండిపోతోందనీ, గాండీవం జారిపోతోందనీ చెప్పుకుంటూ పోతాడు. కృష్ణుడు అడ్డురాడు. ఆ అధ్యాయానికి పెద్దలు పెట్టిన పేరు అర్జున విషాద యోగం. రెండో అధ్యాయం మొదట్లో కృష్ణుడు మందలిస్తాడు, అది అర్జునుడికి ఎక్కదు. "యుద్ధం చేయను" అని చెప్పి ఊరుకుంటాడు. "తూష్ణీం బభూవ" అని ఆ మౌనాన్ని కూడా శ్లోకంలో చెప్పారు. ఆత్మ గురించిన బోధ మొదలయ్యేది ఆ తర్వాత, 11వ శ్లోకం నుంచి. మీకు బోధ చేసినవారు ముందున్నదంతా దాటేసి వచ్చారు, అంతే.

ఇక భక్తి సంగతి. పోతన గజేంద్రుడు మొసలి నోట చిక్కి మొరపెట్టుకుంటూనే, ఉన్నాడంటున్న ఆ దేవుడు "కలడో లేడో" అనేశాడు. భక్తుడి నోట సందేహమేమిటని పోతన ఆ మాట దాచలేదు.

మా ఆవిడ పోయిన ఏడాది నాకూ జపమాల మీద వేళ్లు కదిలేవి కావు. ఆమె కళ్లజోడు బల్లమీదే ఉండేది, ఎడమ అద్దం మీద ఆమె వేలిముద్రతో. తుడవడానికి చేతులు రాలేదు. రోజూ పొద్దున దాని ముందు ఓ పావుగంట కూర్చునేవాణ్ణి. మంత్రం లేదు, దేవుణ్ణి అడిగిందీ లేదు. మూడు నెలలకనుకుంటా, ఓ రోజు ఆమె పేరు పైకి అన్నాను. ఎన్నాళ్లుగానో బిగబట్టుకున్నదంతా ఆ పిలుపుతో బయటికొచ్చేసింది.

అందుకే చెబుతున్నాను. రెండో పేజీ దగ్గర గొంతు పూడుకుపోతే అక్కడే వేలు పెట్టుకుని కూర్చోండి. మూడో పేజీ కోసం కుస్తీ పట్టకండి. అయితే ఊరికే కూర్చోవడం వేరు, ఎవరో ఏదో అన్నారని ఏడుపు మింగేయడం వేరు. రెండోది ఒంటికి మంచిది కాదు. నిద్రా తిండీ బొత్తిగా పోయినా, బతకాలనిపించకపోయినా వెంటనే ఇంట్లోవాళ్లకి చెప్పండి, డాక్టర్ని కలవండి. దానివల్ల సాధనకి లోటేమీ రాదు. సత్సంగంలో మీ మాట వినే మనిషి ఒక్కరున్నా, ముందు వారి పక్కన కూర్చోవడానికి వెళ్లండి. బోధ తర్వాత వినొచ్చు.

ఉత్తరంలో మీ తమ్ముడు పోయాడని రాశారు, అతను ఎలాంటివాడో రాయలేదు. ఈసారి రాయండి. చిన్నప్పుడు మీతో దేనికి పోట్లాడేవాడో, ఎలా నవ్వేవాడో. నేను చదువుతాను.